ద్రాక్షతోటలను కాపాడిన శాస్త్రపరిశోధన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ వేళ కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగము జరుగుట పరిపాటి. ఈ ప్రసంగము ఒక తీగను గూర్చినది. ఆ తీగ వేళ్లను పట్టిన ఒక పురుగును గూర్చినది. ద్రాక్షసారాయమును మెచ్చుకొనుట దీని ఉద్దేశము కాదు. నూట యేబది సంవత్సరముల క్రిందట ఫ్రాన్సు దేశములో లక్షల కుటుంబములకు అన్నము పెట్టుచుండిన పంట యొకటి కన్నుల యెదుటనే నశించిపోవుచుండగా, దానిని నిలుపుటకు రైతులును పండితులును ఎట్లు పాటుపడిరో, ఎక్కడ పొరపడిరో, తుదకు వారికి ఏ త్రోవ దొరకినదో చెప్పుటయే దీని పని. సేద్యమును నమ్ముకొని బ్రదుకు గ్రామములకు ఆ కథ పరాయిది కాదు.

ఈ యాపద మొదలైన తీరు విచిత్రమైనది. 1845వ సంవత్సరమున ఇంగ్లండులోని మార్గేట్ అను ఊర, టక్కర్ అను తోటమాలి గాజుటింటిలో పెంచుచుండిన ద్రాక్షలపై తెల్లని బూడిద వంటి బూజును చూచెను. ద్రాక్ష రైతులు బూడిద తెగులని చెప్పునది అదియే. కొద్ది యేండ్లలో అది సముద్రము దాటి ఫ్రాన్సును చుట్టుకొనెను. 1854లో ఆ దేశపు ద్రాక్షసారాయపు దిగుబడి సుమారు 1 కోటి 10 లక్షల హెక్టోలీటర్లకు పడిపోయెను. హెక్టోలీటరనగా 100 లీటర్లు. గంధకపు పొడిని తీగలపై చల్లినచో ఆ తెగులు అణగునని త్వరలోనే తెలిసికొనిరి. ఆ గండము గడచెను.

అయితే ఆ తెగులునకు అమెరికా ఖండపు అడవి ద్రాక్షలు అంతగా లొంగవని విని, కొందరు తోటల యజమానులు వానిని తెప్పించి నాటిరి. పూర్వము తెరచాప ఓడల కాలమున సముద్ర ప్రయాణము వారముల తరబడి సాగెడిది. మొక్కలతోపాటు వాని నంటిన పురుగులును దారిలోనే చచ్చెడివి. ఆవిరి ఓడలు వచ్చిన పిదప ప్రయాణకాలము తగ్గిపోయెను. మొక్కలు పచ్చగా రేవున దిగెను. వాని వేళ్లను పట్టుకొనియున్న జీవులును ప్రాణములతోనే దిగెను. ఒక తెగులును తప్పించుకొన బోయి అంతకంటె ఘోరమైన దానిని చేజేతుల తెచ్చుకొనుట ఇట్లు జరిగినది.

1863వ సంవత్సర ప్రాంతమున దక్షిణ ఫ్రాన్సులో రోన్ నది దిగువ సీమలయందు కొన్ని తోటలు కారణము తెలియకుండ క్షీణింపసాగెను. మొదటి యేడు నడి వేసవిలోనే ఆకులు పండుబారును. రెండవ యేడు కాయ నిలువదు. మూడవ యేటికి తీగ మోడైపోవును. బట్టపై పడిన నూనె మరక వలె ఆ నాశనము నడుమ మొదలై చుట్టును పాకుచుండెను. చచ్చిన తీగలను పెరికి చూచిన వారికి కుళ్లిన వేళ్లు తప్ప మరేమియు కానరాలేదు.

మోంపెల్యే నగరమున వృక్షశాస్త్రము బోధించుచుండిన ప్లాంషోన్ పండితుడును, వ్యవసాయ సంఘమునకు చెందిన గాస్తోన్ బాజీల్, ఫెలిక్స్ సాహూత్ అను వారును కలసి 1868 జూలై 15వ తేదీన సెయింట్ రెమీ సమీపమునగల తోటలకు పోయిరి. ఆనాడు వారు చేసిన పని యొకటి మిక్కిలి గమనింపదగినది. చచ్చిన తీగలను మాత్రమే గాక, పచ్చగా బలముగా ఉన్న తీగను సైతము త్రవ్వి, వేళ్లను భూతద్దముతో పరీక్షించిరి. వేళ్ల నిండ పసుపుపచ్చని పురుగులు, పేనుల వలె, గుంపులు గుంపులుగా కానవచ్చెను. ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవైనను లేదు. తీగ చచ్చిన పిమ్మట వానికి ఆహారముండదు గనుక అవి ప్రక్క తీగకు తరలిపోవును. అందుచేతనే శవమును పరీక్షించిన వారికి హంతకుడు దొరకలేదు. ప్లాంషోన్ ఆ పురుగునకు పెట్టిన పేరు పిమ్మట మారి ఫిల్లాక్సెరాగా స్థిరపడెను. మనము దానిని వేరుపేను అని చెప్పుకొనవచ్చును.

ఈ పురుగు ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు తోటలో కాక గ్రంథములలో దొరకెను. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున ఆసా ఫిచ్ అను కీటకశాస్త్రజ్ఞుడు, ద్రాక్ష ఆకులపై బుడిపెలు పుట్టించు ఒక చిన్న పురుగును 1850ల దశకమునందే వర్ణించి అచ్చు వేయించియుండెను. ప్లాంషోన్‌కు బావమరిది వరుసయైన లిష్టెన్‌స్టైన్ ఆ వర్ణనను చూచి, ఆకుమీది పురుగును వేరుమీది పురుగును ఒకటే కావచ్చునని సూచించెను. మిస్సౌరీ రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడైన చార్లెస్ రైలీ 1871లో స్వయముగా ఫ్రాన్సునకు వచ్చి రెంటిని పోల్చి చూచి, ఆ మాట నిజమని తేల్చెను. 1873లో ప్లాంషోన్ అమెరికాకు పోయి అక్కడి తోటలను చూచి వచ్చెను. ఎవరో ఎక్కడనో శ్రద్ధతో వ్రాసి ముద్రించిన కొన్ని పుటలు, ఎన్నడు అక్కరకు వచ్చునో తెలియకయే, దూరదేశపు రైతునకు ఈ విధముగా ఉపకరించినవి.

అయినను పెద్దలందరు వెంటనే ఒప్పుకొనలేదు. పురుగు తెగులునకు కారణము కాదు, ఫలితము మాత్రమేయని అనేక పండితులు వాదించిరి. నేల సారము చచ్చినదని కొందరు, చలి దెబ్బ తగిలినదని కొందరు, ఒకే తీగను శతాబ్దములుగా కొమ్మ కత్తిరించి నాటుటచే వంశము నీరసించినదని మరికొందరు, దైవాగ్రహమని ఇంకొందరు పలికిరి. ఈ వాదము సంవత్సరముల తరబడి సాగెను. పండితులు తర్కించుచుండగా పురుగు మాత్రము ఆగలేదు. మగవాటి తోడు లేకయే ఆడవి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి వందల గ్రుడ్లు. ఏడాదికి అనేక తరములు. 1875లో సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లుగా ఉండిన దిగుబడి 1889 నాటికి సుమారు 2 కోట్ల 30 లక్షలకు దిగిపోయెను. తోటలు పోగొట్టుకొన్న కుటుంబములు ఎన్నియో ఊళ్లు విడిచి పట్టణములకును, సముద్రము దాటి ఆల్జీరియాకును వలస పోయినవి.

ప్రభుత్వము మందు కనుగొన్నవారికి 1870లో 20,000 ఫ్రాంకుల బహుమానము ప్రకటించి, 1874లో దానిని 3,00,000 ఫ్రాంకులకు పెంచెను. దేశ దేశముల నుండి సలహాలు కుప్పతిప్పలుగా వచ్చిపడెను. విషమును పీల్చివేయునని బ్రదికియున్న కప్పను తీగ మొదట పాతిపెట్టుమని చెప్పినవారును ఉండిరి. మోంపెల్యే వ్యవసాయ పండితులు ఈ సలహాలను నవ్వి త్రోసివేయక, ఒక పొలమును కేటాయించి, మూడు వందలకు పైగా మందులను వరుసలు వరుసలుగా ప్రయోగించి, ప్రతి వరుస ప్రక్కన మందు వేయని వరుస నుంచి పోల్చి చూచిరి. దాదాపు అన్నియు నిష్ఫలములని తేలినవి. ఆ పరీక్ష వృథా కాలేదు. పనికిరాని మందులపై రైతు తన కడపటి రూకను ఖర్చు చేయకుండ అది కాపాడినది.

కొంత పని చేసినవి మూడు మార్గములు. మొదటిది కార్బన్ డైసల్ఫైడు అను విషద్రవమును పెద్ద పిచికారీ వంటి సాధనముతో నేలలోనికి ఎక్కించుట. మొదటి ప్రయోగములలో మోతాదు మించి పురుగుతోపాటు తీగయు చచ్చెను. పిమ్మట మోతాదు కుదిరినది. ఆ ద్రవము సులభముగా అంటుకొని మండును, ఏటేట వేయవలెను, ఖర్చు అధికము. ధనవంతుల తోటలకే అది సాధ్యమైనది. బర్గండీ సీమలోని రొమానె కాంతి అను ప్రసిద్ధమైన చిన్న తోటను ఆ విధముగానే 1945 వరకు పాత వేళ్లపై నిలిపిరి. రెండవది శీతకాలమున తోటను అనేక దినములు నీట ముంచియుంచుట. ఇది కాలువ నీరున్న పల్లపు భూములకే చెల్లును. మూడవది సముద్రతీరపు ఇసుక నేలలలో నాటుట. ఇసుకలో ఆ పురుగు సాగలేదు. కాని కొండవాలున రెండెకరముల తోట గల పేద రైతునకు ఈ మూడును అందనివే.

అతనికి అందిన మార్గము శత్రువుండిన చోటనే దొరకినది. బోర్డో నగరమున లాలిమాన్ అను తోటకాపు, చుట్టుప్రక్కల తీగలు చచ్చుచుండగా తన తోటలోని అమెరికా తీగలు కొన్ని పచ్చగా నిలుచుట గమనించి, 1869లో బోన్ నగరపు సభలో ఆ సంగతిని బయటపెట్టెను. దాని కారణము తరువాత తెలిసినది. ఆ పురుగును ఆ తీగయు ఒకే ఖండమున యుగయుగములు కలసి బ్రదికినవి. పురుగు కొరికిన చోట అమెరికా తీగ బెరడు వంటి పొరను కప్పుకొని గాయమును మాన్పుకొనును. ఐరోపా తీగకు ఆ నేర్పు లేదు. గాయము వాచి, పగిలి, అందు బూజులు చేరి వేరు కుళ్లును. అయితే అమెరికా ద్రాక్షపండు వాసన ఫ్రెంచివారి నాలుకకు సరిపడలేదు. వేళ్లు అమెరికావి, పైకొమ్మ ఫ్రాన్సుది చేసినచో రెండు ప్రయోజనములును సిద్ధించునని తోచి, అంటుకట్టు పద్ధతిని చేపట్టిరి. అంటుమామిడిని ఎరిగిన మనకు ఇందు వింత లేదు. వింత యెచటననగా, కొన్ని మొక్కలకు చేయు పనిని లక్షల యెకరములకు చేయవలసి వచ్చుటలో ఉన్నది. ఊరూర అంటుకట్టు పాఠశాలలు పెట్టి, ఎన్నడును కత్తి పట్టని వారికి ఆ విద్య నేర్పిరి.

లాలిమాన్ బహుమానమును కోరెను గాని ప్రభుత్వము ఇయ్యలేదు. ఆ ధనము ఎవరికిని ముట్టలేదు. పురుగును సమూలముగా నిర్మూలించు మందు నేటికిని దొరకలేదనియు, దొరకినది పురుగుతో కలసి బ్రదుకు ఉపాయము మాత్రమేననియు దీనివలన తెలియవలెను.

కష్టములు అంతటితో తీరలేదు. సున్నపురాతి నేలలలో అమెరికా వేళ్లు ఇనుమును గ్రహింపలేక, ఆకులు పసుపురంగై తీగలు చచ్చెను. కోన్యాక్ సీమలో అట్టి నేలలు విస్తారముగా కలవు. 1887లో ప్యేర్ వియాలా అను యువశాస్త్రజ్ఞుని ప్రభుత్వము అమెరికాకు పంపెను. టెక్సాస్ రాష్ట్రమున డెనిసన్ నగరమునందు మన్‌సన్ అను తోటల పండితుడు ఆ ప్రాంతపు అడవి ద్రాక్షలనన్నిటిని గాలించి ఎరిగినవాడు. సున్నపునేలలో స్వభావసిద్ధముగా పెరుగు బెర్లాండియెరీ అను జాతిని అతడు వియాలాకు చూపెను. ఆ జాతి రక్తము కలిపి పుట్టించిన వేరుమూలములే కోన్యాక్‌ను నిలిపినవి. ఫ్రెంచి ప్రభుత్వము 1888లో మన్‌సన్‌ను గౌరవించెను. నేలను బట్టి వేరు, వేరును బట్టి కొమ్మ యను సూత్రము ఆనాటి నుండి ద్రాక్షసేద్యమునకు పునాదియైనది.

అమెరికా తీగలు ఇంకొక బహుమానమును గూడ తెచ్చినవి. 1878లో ఫ్రాన్సున బూజు తెగులు ప్రవేశించెను. ఆకుల క్రింద తెల్లని బూజు కమ్మి, ఆకులన్నియు రాలి, పండు తీపెక్కక పోవును. బోర్డో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మిల్లార్డె 1882 అక్టోబరున మెదోక్ సీమలోని సెయింట్ జూలియన్ తోటల నడుమ పోవుచు ఒక విశేషమును చూచెను. తోటలన్నిట ఆకులు రాలిపోయినవి. బాట ప్రక్కనున్న వరుసలు మాత్రము పచ్చగా ఉన్నవి. విచారింపగా, దారిన పోవువారు పండ్లు దొంగిలింపకుండ, విషమని భయపడునట్లు, మైలుతుత్తమును సున్నమును కలిపి ఆ వరుసలపై చిలకరించుట అచటి వాడుకయని తెలిసెను. దొంగలను బెదరించుటకు చల్లినది తెగులును తరిమినది! వేలమంది ఆ బాటన నడచియుందురు. ఇది యేమని నిలిచి అడిగినవాడు ఒక్కడు. దోజాక్ తోట పర్యవేక్షకుడైన ఎర్నెస్ట్ దవీద్, రసాయన శాస్త్రజ్ఞుడైన గెయోన్ తోడుపడగా మూడేండ్లు ప్రయోగములు చేసి, 1885లో మిల్లార్డె ఆ మిశ్రమపు పాళ్లను లోకమునకు వెల్లడించెను. నాటి పాళ్లు 100 లీటర్ల నీట 8 కిలోల మైలుతుత్తము, 30 లీటర్ల నీట 15 కిలోల సున్నము. తరువాతి పరిశోధన అందు స్వల్పభాగమే చాలునని చూపెను.

అదియే మన రైతులెరిగిన బోర్డో మిశ్రమము. మైసూరు సీమలో వక్కతోటలను పాడుచేసిన కొళెరోగమునకు లెస్లీ కోల్‌మన్ 1910 ప్రాంతమున దీనినే ప్రయోగించి ఫలము పొందెను. నిమ్మ, బత్తాయి, మామిడి, కొబ్బరి, తమలపాకు తోటలయందు దీని వాడుక మనకు నేటికిని కలదు. ఒక పాలు మిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటను, 1 కిలో మంచి సున్నమును వేరొక పాత్రలో 50 లీటర్ల నీటను కరగించి, తుత్తపు నీటిని సున్నపు తేటలోనికి కలియబెట్టుచు పోయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మెరుగు పెట్టిన ఇనుప కత్తిని అందు ముంచి తీసినచో ఎఱ్ఱని రాగి పూత కానవచ్చెనేని, తుత్తము మిగిలినదనియు, ఇంకను సున్నము కలుపవలెననియు గుర్తు. అట్లే చల్లినచో ఆకు మాడును. కలిపిన మిశ్రమమును ఆనాడే వాడవలెను.

కాని ఔషధమైనను మితము దాటరాదు. రాగి నేలలో కరగి పోవునది కాదు. ఏటేట చేరి నిలిచి, వానపాములకును మేలుచేయు సూక్ష్మజీవులకును కీడు కలిగించును. తరతరములుగా దీనిని చల్లిన ఐరోపా తోటల నేలలలో రాగి పేరుకొనియున్నది. అందుచేతనే ఐరోపా సమాఖ్య 2018లో ఏడు సంవత్సరములకు హెక్టారునకు 28 కిలోల రాగికి మించరాదని కట్టడి చేసినది.

ఈ కథలో రెండు హెచ్చరికలు గూడ కలవు. మొదటిది కాలిఫోర్నియాది. అచట ఎ.ఎక్స్.ఆర్. 1 అను వేరుమూలము దిగుబడి అధికముగా ఇచ్చుటచే విస్తారముగా నాటిరి. దాని తల్లిదండ్రులలో ఒకటి ఐరోపా తీగ. అది వేరుపేనునకు చాలినంతగా తట్టుకొనలేదని ఫ్రాన్సు, దక్షిణాఫ్రికాల అనుభవము అంతకు ఎన్నో యేండ్ల ముందే తెలుపుచుండెను. అక్కడ చెల్లకున్నను ఇక్కడ చెల్లుచున్నదిగదా యని అనుకొనిరి. 1983లో నాపా లోయయందు దానిపై బలముగా పెరుగు పురుగు రకము బయటపడెను. పిమ్మటి సంవత్సరములలో వేలాది యెకరములను పెరికి మరల నాటవలసి వచ్చెను. హెచ్చరిక పుస్తకమున ఉన్నంత మాత్రమున చాలదు. చదివినవారు దానిని లెక్కచేయవలెను.

రెండవది ధరకు సంబంధించినది. ఫ్రాన్సున తోటలను తిరిగి నాటునప్పుడు అనేకులు మెట్టలను విడిచి సారవంతమైన పల్లములందు అధిక దిగుబడి రకములను నాటిరి. దానికి తోడు చక్కెర నీటితో చేసిన కల్తీ సరకును, ఆల్జీరియా సరకును అంగడిని ముంచెత్తెను. ధర కూలెను. 1907 జూన్ 9న మోంపెల్యే నగరమున అయిదు లక్షలకు పైగా జనులు చేరి మొరపెట్టుకొనిరి. ఆ యల్లరులలో నార్బోన్ పట్టణమున సైనికుల కాల్పులకు ప్రాణములు పోయినవి. కల్తీని అరికట్టు చట్టము ఆ పిమ్మటనే వచ్చినది. శాస్త్రము తీగను బ్రదికింపగలదు. పంటకు న్యాయమైన వెల కల్పించుట సంఘము చేయవలసిన పని.

మన నేలకును దీనికిని సంబంధమేమి? బత్తాయిని రంగపూరు నిమ్మ, జంబేరి వేళ్లపై అంటుకట్టుటయందును, దక్కను ద్రాక్షతోటలలో ఉప్పునీటికిని నీటి యెద్దడికిని ఓర్చునని టెక్సాసున పుట్టిన డాగ్‌రిడ్జ్ వేరుమూలమును వాడుటయందును ఉన్నది ఆ విద్యయే. ఆపదయును అట్టిదే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద కనబడిన సర్పిలాకార తెల్లదోమ తరువాత గోదావరి సీమల కొబ్బరి వరకు వచ్చెను. 2021లో ఆగ్నేయాసియా నుండి వచ్చిన నల్ల తామరపురుగు గుంటూరు, ఖమ్మము సీమలలో మిరప పూతలను తినివేసి అనేక కుటుంబములను అప్పులపాలు చేసెను. ఇవి మన పొలములందు పుట్టినవి కావు. ఎచటనో పుట్టి, మనుష్యుల రాకపోకలతో తరలివచ్చినవి. ఫిల్లాక్సెరా మూలముననే 1878లో బెర్న్ నగరమున దేశములు కూడి మొక్కల రవాణాను అదుపుచేయు ఒడంబడిక చేసికొనినవి. మన దేశమున 1914లో చట్టము, 2003లో మొక్కల క్వారంటైను ఉత్తరువు అదే ఉద్దేశముతో వచ్చినవి. పరీక్ష లేకుండ ఊరుగాని ఊరినుండి తెచ్చిన ఒక్క మొక్క యెంత కీడు చేయగలదో ఎరిగిన రైతు, ధర తక్కువయని తెలియనిచోట మొక్కలు కొనడు.

ప్లాంషోన్ 1888లో మరణించెను. మోంపెల్యే నగరమున 1894లో ఆయనకు స్మారకము నిలిపిరి. ద్రాక్షరైతు ఒకడు ఆయన విగ్రహమునకు పండ్లగుత్తిని అర్పించుచున్నట్లు అందు మలచిరి. ఆయన చేసినది మంత్రము కాదు. పచ్చని తీగను సైతము త్రవ్వి చూచెను. చూచిన దానిని వ్రాసెను. ఇతరులు వ్రాసిన దానిని చదివెను. కాదనిన వారికి నిదానముగా ఋజువులు చూపెను. ఈ గ్రంథాలయమున వ్యవసాయ గ్రంథములకొక బీరువాను, ఈ గ్రామపు పంటలకు ఏ యేట ఏ తెగులు వచ్చినదో, ఏ మందు పని చేసినదో, ఏది చేయలేదో వ్రాసియుంచుటకొక పుస్తకమును ఏర్పరచినచో, ఈ రజతోత్సవము సార్థకమగును. నేడు వ్రాసిన ఒక పుట ఏబది యేండ్లకు ఎవరి పొలమును కాపాడునో చెప్పజాలము. వ్రాయకున్నచో మాత్రము ఎవరికిని అక్కరకు రాదు.